పడవ ఇంజను ఆయిల్ కక్కుతోందా? విప్పించే ముందు చూసుకోవలసినవి

ఎలవూరు, ఆరంబాకం, సున్నంబుకుళం ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్ళలో ఎన్నింటికో పులికాట్ సరస్సే బతుకుదెరువు. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన నీళ్ళు ఇవే. ఒకప్పుడు తెరచాప, గెడకర్రలతో సాగిన పడవలకు ఇప్పుడు ఇంజన్లు ఉన్నాయి. 2004 సునామీ తరవాత ఫైబరు పడవలు ఎక్కువయ్యాయి, వాటితోపాటు చిన్న డీజిల్ ఇంజన్లు కూడా. ఇంజను బాగున్నన్నాళ్ళు దాని సంగతి ఎవరికీ పట్టదు. ఒకరోజు బ్రీదరు గొట్టంలోంచి ఆయిల్ చిమ్మి పడవ అడుగంతా జిడ్డు అవుతుంది. మెకానిక్కు ఒక్క చూపు చూసి, "రింగులు పోయాయి, లైనరు పిస్టను మార్చాలి" అంటాడు. ఇంట్లో గొలుసు తాకట్టు కొట్టుకు వెళ్తుంది.

ఆ మాట చాలాసార్లు నిజమే. కాని ప్రతిసారీ నిజం కాదు. బ్రీదరు నుంచి ఆయిల్ రావడం రోగం కాదు, రోగలక్షణం. జ్వరం వచ్చినవాళ్ళందరికీ ఒకే మందు ఇవ్వం కదా. ఇంజను విప్పకుండానే, దాదాపు ఖర్చు లేకుండానే చూడదగిన కారణాలు నాలుగైదు ఉన్నాయి. ముందు వాటిని చూసి, తరవాతే రింగుల మాట ఎత్తాలని చెప్పడానికే ఇది రాస్తున్నాము. మేము మెకానిక్కులం కాము. సంఘం పని మీద ఇళ్ళకు తిరుగుతూ, పనివాళ్ళ పక్కన కూర్చుని, ఇంజన్ల పుస్తకాలు చదివి కూర్చుకున్న విషయం ఇది. ఆ పుస్తకాలు తెలుగులో రావు కాబట్టి మన పెద్దలకు చదివి వినిపించడానికి వీలుగా రాస్తున్నాము.

బ్రీదరు ఎందుకు ఉంది

సిలిండరులో డీజిల్ మండినప్పుడు పుట్టే వాయువులో కొంచెం ఎంత కొత్త ఇంజనులోనైనా రింగుల సందుల్లోంచి కిందికి, అంటే ఆయిల్ ఉండే గదిలోకి, జారుతుంది. అది బయటికి పోవడానికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ దారే బ్రీదరు. వాయువుతోపాటు ఆయిల్ తుంపర బయటికి పోకుండా అందులో తీగల జాలీ గాని, అడ్డు రేకులు గాని ఉంటాయి.

ఒకే సిలిండరు ఇంజనులో ఇంకో సంగతి ఉంది. అర లీటరు కొలత ఉన్న ఇంజనులో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ అర లీటరు గాలిని కింది గదిలోకి నెడుతుంది, పైకి వెళ్ళినప్పుడు మళ్ళీ అంత గాలినీ లాగుతుంది. నిమిషానికి 3000 సార్లు తిరిగితే సెకనుకు 50 సార్లు ఈ నెట్టుడూ లాగుడూ జరుగుతుంది. అందుకే ఇటువంటి ఇంజన్ల బ్రీదరులో ఒక పల్చటి రేకో రబ్బరు పొరో పెడతారు. లోపలి గాలి బయటికి పోయేటప్పుడు అది తెరుచుకుంటుంది, బయటి గాలి లోపలికి రాబోతే మూసుకుంటుంది. అలా లోపల ఎప్పుడూ కొంచెం తక్కువ ఒత్తిడి నిలుస్తుంది, సీళ్ళలోంచి ఆయిల్ కారదు. ఈ చిన్న రేకు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

పడవ వెనక తగిలించే రెండు స్ట్రోకుల పెట్రోలు, కిరోసిన్ మోటార్లకు ఇదంతా వర్తించదు. వాటిలో ఆయిల్ ఇంధనంలోనే కలిసి ఉంటుంది, కింద ఆయిల్ గది ఉండదు. ఇక్కడ చెప్పేది నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజన్ల గురించి. గ్రీవ్స్ లోంబార్డిని వంటి ఒకే సిలిండరు ఇంజన్లు మొదలుకొని మర పడవల్లోని లేలాండ్ ఇంజన్ల దాకా.

గుడ్డ కుక్కవద్దు

"ఏం మామా, పైపుకు గుడ్డ కుక్కేస్తే పోలా?" అని ఒక కుర్రవాడు మమ్మల్ని అడిగాడు. పోతుంది, ఇంజనే పోతుంది. దారి మూసేస్తే లోపలి ఒత్తిడి బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. క్రాంకు కొసల ఆయిల్ సీళ్ళు, సైడు కవరు గాస్కెట్, ఆయిల్ గేజీ పుల్ల ఉండే రంధ్రం, ఏదో ఒకటి తన్నేసి ఆయిలంతా ఒక్కసారిగా పోతుంది. ఒడ్డున అయితే నష్టం డబ్బుతో పోతుంది. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర, అలలు విరిగే చోట ఇంజను ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది. ఆ చోటు ఎటువంటిదో మన జాలరి ఇళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి ఏం చేయాలంటే, గొట్టం చివర ఒక ఖాళీ క్యాను వేలాడదీసి, దాని మూత వదులుగా ఉంచి, ఎంత ఆయిల్ పడుతోందో చూస్తూ మెల్లగా ఒడ్డుకు రావాలి.

మొదట ఆయిల్ మట్టం

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, ఎవరూ అనుమానించనిది, ఆయిల్ ఎక్కువ పోయడం. గీత దాటి పోస్తే తిరిగే క్రాంకు ఆయిల్‌ను తాకి మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ లేస్తుంది, ఆ నురగ బ్రీదరు దారి పడుతుంది.

పడవలో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. ఇంజను వాలుగా కూర్చుంటుంది. పొడవాటి షాఫ్టు చివర ప్రొపెల్లరు ఉండే ఇంజనును వాడేటప్పుడు ఒక కోణంలో, పక్కకు ఎత్తిపెట్టినప్పుడు ఇంకో కోణంలో ఉంటుంది. పడవను ఇసుక మీదికి లాగినప్పుడు ముక్కు పైకి లేస్తుంది. ఆ వాలులో గేజీ పుల్ల తీసి చూస్తే ఆయిల్ తక్కువ ఉన్నట్టు కనబడవచ్చు, మనం ఇంకో అర లీటరు పోసేస్తాం. కాబట్టి ఇంజను పనిచేసే కోణంలోనే, ఆపి పది నిమిషాలు అయ్యాక చూడాలి. మరతో బిగించే రకం పుల్ల అయితే, బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది ఆ ఇంజను పుస్తకంలో ఉంటుంది. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా కొన్ని ఇంజన్లలో వేలెడు ఉంటుంది.

దీన్ని గుర్తుపట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ఆయిల్ పోయడం ఆపి రోజూ మట్టం రాసుకోండి. కొంత కక్కి, ఒక చోటికి దిగాక కక్కడం ఆగిపోయి, మట్టం అక్కడే నిలిచిందా? అయితే ఆ ఇంజనుకు కావలసిన ఆయిల్ అంతే. ఎక్కువైనదాన్ని అది తానే బయటికి తోసింది. దిగుతూనే ఉండి, కింది గీత దగ్గరపడినా ఆగకపోతే కారణం వేరే.

ఒక్కొక్కప్పుడు మనం పోయకుండానే మట్టం పెరుగుతుంది. ఇది ఇంకా ప్రమాదం. డీజిల్ గాని నీళ్ళు గాని ఆయిల్‌లో చేరుతున్నాయని అర్థం. ఫీడ్ పంపు పొర చిరిగినా, నాజిల్ చిమ్మకుండా కారుతున్నా డీజిల్ కిందికి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, వాసన వస్తుంది. ఒక చుక్క తెల్లటి బ్లాటింగు కాగితం మీద వేసి గంటసేపు ఉంచితే, నల్ల మచ్చ చుట్టూ లేత రంగు వలయం వెడల్పుగా పాకుతుంది. నీళ్ళు కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు వస్తుంది. కొంచెమే కలిస్తే రంగు మారకపోవచ్చు, అప్పుడు పాత గరిటె ఒకటి వేడిచేసి దాని మీద చుక్క వేస్తే చిటపటమంటుంది. మన సరస్సువి ఉప్పునీళ్ళు. నీళ్ళు కలిసిందని తెలిసిన రోజే ఆయిల్ దించేసి, కారణం సరిచేసి, కొత్త ఆయిల్‌తో రెండు మూడుసార్లు కడగాలి. "ఆదివారం చూద్దాం" అనుకుంటే బేరింగులు తుప్పు పడతాయి.

తరవాత బ్రీదరునే విప్పండి

నాలుగు మరలు తీస్తే వచ్చే భాగం ఇది. లోపలి జాలీ నల్లటి ముద్దతో పూడిపోయి ఉంటే డీజిల్‌లో నానబెట్టి కడిగి, ఆరబెట్టి పెట్టాలి. గొట్టం మడత పడిందా, కొస నీళ్ళలో మునుగుతోందా చూడాలి. ఒడ్డున నెలల తరబడి పెట్టిన ఇంజను గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టడం మామూలే. పుల్ల పెట్టి పొడవకుండా గొట్టం విడిగా తీసి శుభ్రం చేయండి, లేకపోతే మట్టి లోపల పడుతుంది.

ఇక ఆ చిన్న రేకు. మా సంఘం వారి ఇంట్లోనే జరిగింది. ఆయిల్ కక్కుతోందని ఒక వర్క్‌షాపులో ఇంజను అప్పజెప్పారు. లైనరు, పిస్టన్, రింగులు మార్చారు. బిల్లు కట్టి తెచ్చుకున్నారు. పడవ దింపిన మొదటి రోజే మళ్ళీ ఆయిల్. ఇంకొక పనివాడు వచ్చి బ్రీదరు మూత తీసి చూస్తే రేకు లేదు. ఎప్పుడో విరిగిపోయిందో, కడిగేటప్పుడు జారిపోయిందో ఎవరికీ తెలియదు. కొత్తది వేశాక ఇంజను మళ్ళీ కక్కలేదు. విప్పిన పాత రింగులు ఇంటికి తెచ్చి కొలిపించి ఉంటే అవి నిజంగా అరిగాయో లేదో తెలిసేది. అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, మాకు కూడా.

రేకు బాగుందో లేదో చూడడానికి, ఇంజను మెల్లగా తిరుగుతుండగా బ్రీదరు గొట్టం చివర పల్చటి కాగితం ముక్క పట్టండి. కాగితం బయటికి మాత్రమే ఊగితే రేకు పనిచేస్తోంది. బయటికీ లోపలికీ కొట్టుకుంటుంటే పనిచేయడం లేదు. ఒకే సిలిండరు ఇంజన్లకే ఈ పరీక్ష.

అప్పుడు రింగుల మాట

ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది, ఆయిల్ శుభ్రంగా ఉంది, బ్రీదరు బాగుంది, అయినా కక్కుతోంది. ఇప్పుడు మెకానిక్కు మాట వినాలి. కాని అప్పుడు కూడా రింగులు "అరిగాయా, అంటుకున్నాయా, బోరు నునుపెక్కిందా" అన్నది తేల్చాలి. మూడిటికీ ఖర్చు వేరు.

మన సరస్సు ఇంజన్లకు మూడోది ఎక్కువ. పులికాట్ లోతు తక్కువ, చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. వల వేసేటప్పుడు, తీసేటప్పుడు ఇంజనును గంటల తరబడి నెమ్మదిగా, బరువు లేకుండా తిప్పుతాం. రింగులు గోడకు గట్టిగా ఆనడానికి కావలసినంత ఒత్తిడి, వేడి అప్పుడు రావు. సగం మండిన డీజిల్ బోరు గోడ మీద పల్చటి పొరగా అంటుకుని అద్దంలా మెరుస్తుంది. గోడ మీద ఆయిల్ నిలవడానికి గీసిన అడ్డగీతలు పూడిపోతాయి. ఇంజను అరగలేదు, సోమరి అయింది. మొదటి దశలో కొత్త ఆయిల్ వేసి, కొన్ని గంటలు మంచి బరువు మీద నడిపితే కొంత తగ్గవచ్చు. ముదిరితే హెడ్ విప్పి, బోరును హోనింగు చేయించి, కొత్త రింగులు వేస్తే సరిపోతుంది. లైనరు కొలత సరిగ్గా ఉంటే లైనరు మార్చనక్కరలేదు.

గాలితో చల్లబడే ఇంజన్లలో ఇంకొక చుట్టుతిరుగుడు ఉంది. బ్రీదరు నుంచి చిమ్మిన ఆయిల్ సిలిండరు రెక్కల మీద పడుతుంది. దాని మీద ఉప్పు, దుమ్ము అంటుకుంటాయి. గాలి ఆడక సిలిండరు వేడెక్కుతుంది. వేడికి రింగులు బిగువు కోల్పోతాయి, గాడుల్లో మసి పట్టి అంటుకుపోతాయి. దాంతో ఇంకా ఎక్కువ ఆయిల్ చిమ్ముతుంది. రెక్కల మీద జిడ్డు కనబడిన ఇంజనును చల్లారాక తుడిచి పెట్టుకోవడం ఇంట్లో పిల్లలు కూడా చేయగల పని. వేడిగా ఉన్నప్పుడు మాత్రం నీళ్ళు పోయవద్దు, పగులుతుంది.

రింగులే అని రుజువు చేసుకోవడానికి మాకు నమ్మకం కలిగిన పరీక్ష గాలి పరీక్ష. నాజిల్ తీసి, పిస్టన్ పైకొసన, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో నిలిపి, ఆ రంధ్రం గుండా 3 నుంచి 5 కిలోల ఒత్తిడితో గాలి పంపాలి. కోల్‌కతా రహదారి పక్కన పంక్చరు షాపులకు కొదవ లేదు, వాళ్ళ కంప్రెసరు చాలు. నాజిల్ రంధ్రానికి సరిపడే మరను లేత్ షాపులో చేయించుకోవాలి. గాలి పంపి చెవి పెట్టి వినండి. బ్రీదరులో బుస్సుమంటే రింగులో బోరో. సైలెన్సరులో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టరులో వినబడితే ఇన్లెట్ వాల్వు. కొంచెం శబ్దం ఏ ఇంజనులోనైనా ఉంటుంది, గట్టి ఈదురే లెక్క. గాలి పంపేటప్పుడు హ్యాండిలు తీసేయాలి, ఎవరూ ఫ్లైవీలు దగ్గర ఉండకూడదు, పిస్టన్ ఒక్కసారి తన్నుతుంది.

నాలుగు, ఆరు సిలిండర్ల మర పడవ ఇంజనులో ఇంకో పద్ధతి. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఆ సిలిండరుకు డీజిల్ ఆపుతారు. ఏ సిలిండరు ఆపినప్పుడు బ్రీదరు పొగ తగ్గుతుందో దొంగ అక్కడ ఉన్నట్టు. ఆరింటిలో ఒక్క పిస్టన్ రింగు విరిగితే ఆరూ మార్చాలనడం న్యాయం కాదు. ఇది అనుభవం ఉన్న చేతులే చేయాలి. ఆ పైపులో డీజిల్ ఒత్తిడి చర్మంలోకి దూసుకుపోయేంత ఉంటుంది. అలా దూరితే చిన్న సూది గుచ్చినట్టే కనబడుతుంది గాని వెంటనే ఆసుపత్రికి వెళ్ళకపోతే చెయ్యి పోవచ్చు.

రింగులు విప్పించాక పాత రింగును బోరులో పెట్టి కొసల మధ్య సందు కొలవమనండి. మామూలుగా 100 మిల్లీమీటర్ల బోరుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల సందు ఉంచుతారు. అది ఒక మిల్లీమీటరు దాటిందంటే అరుగుదల నిజమే, డబ్బు ఖర్చుపెట్టక తప్పదు. కొత్త రింగుల సందులు ఒకే వరుసలో రాకుండా చుట్టూ పంచి పెట్టారా అన్నది కూడా మీ ఎదుటే చూపించమనండి.

మర పడవల వాళ్ళకు రెండు మాటలు. టర్బో ఉన్న ఇంజనులో టర్బో సీలు పోతే దాని గాలి ఆయిల్ తిరుగు గొట్టం ద్వారా కిందికి వచ్చి, రింగులు పోయినట్టే కనబడుతుంది. ఆ గొట్టాన్ని విడదీసి చూస్తే తెలుస్తుంది. లారీ నుంచి దించి పడవకు పెట్టిన ఇంజనుకు బ్రేకు గాలి కంప్రెసరు ఇంకా తగిలించి ఉంటే దాని రింగులు పోయినా ఇదే లక్షణం. వాల్వు గైడ్లు అరిగితే పొగ పైన రాకరు కవరులో చేరుతుంది.

ఇంజను ఆగనంటే

కొన్ని ఇంజన్లలో బ్రీదరు గొట్టం బయటికి కాకుండా ఎయిర్ ఫిల్టరు గొట్టానికి కలిపి ఉంటుంది. ఆయిల్ ఎక్కువగా చిమ్మితే అది సిలిండరులోకి పోయి ఇంధనంలా మండుతుంది. అప్పుడు ఇంజను తన ఆయిల్‌నే తాగుతూ వేగం పెంచుకుంటూ పోతుంది. డీజిల్ ఆపినా ఆగదు. అటువంటప్పుడు గాలి ఆపడమే దారి. ఫిల్టరు గొట్టం నోటికి చెక్క పలక గాని, నాలుగు మడతలు పెట్టిన తడి గోనె గాని గట్టిగా నొక్కాలి. చెయ్యి పెట్టకూడదు, లాగేస్తుంది. ఫిల్టరు నోటికి సరిపడే చెక్క ముక్క ఒకటి పడవలో ఎప్పుడూ ఉంచుకోండి. ఆయిల్ ఎక్కువ కక్కే ఇంజనుకు బాగు చేయించేదాకా ఆ గొట్టాన్ని ఫిల్టరు నుంచి తీసి విడి క్యానులోకి మళ్ళించడం మంచిది.

ఇంజను పుస్తకం

ముప్ఫై ఏళ్ళకు పైగా రిజిస్టర్లు రాసిన గుమాస్తా బుద్ధి పోనివ్వదు, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిల్ పోశాం, ఎంత ఆయిల్ కలిపాం, బ్రీదరు క్యానులో ఎంత పడింది. ఈ ఐదే. నెల తిరిగేసరికి లెక్క మాట్లాడుతుంది. తాగిన ప్రతి 100 లీటర్ల డీజిల్‌కు ఒక లీటరు కంటే ఎక్కువ ఆయిల్ పోతుంటే ఇంజనుకు పని ఉన్నట్టే. అంతకంటే బాగా తక్కువైతే కంగారు అక్కరలేదు. ఆ పుస్తకం తీసుకువెళ్ళి చూపిస్తే ఏ పనివాడూ ఒక్క చూపుతో తీర్పు చెప్పడు. కొత్త రింగులు వేసిన మొదటి 50 గంటలూ ఇంజను కొంచెం ఎక్కువ ఆయిల్ తినవచ్చు, అది కూడా రాసి పెట్టుకోండి. ఆ రోజుల్లో ఊరికే నెమ్మదిగా తిప్పుతూ కూర్చోకుండా మధ్యస్థంగా బరువు ఇవ్వాలి. లేకపోతే కొత్త బోరు కూడా అద్దమై కూర్చుంటుంది.

మర పడవల పెద్ద పనులకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధమే సమయం. అప్పుడు వర్క్‌షాపులన్నీ నిండిపోతాయి, పని తొందరలో జరుగుతుంది. పైన చెప్పిన చూపులన్నీ మార్చి నెలలోనే ముగించి, అవసరమైన సామాను పేర్లు రాసి పెట్టుకుంటే తొందరలో మోసపోయే పని ఉండదు.

క్యానులో పడిన ఆయిల్‌ను, దించిన పాత ఆయిల్‌ను చాలామంది గట్టు మీదో నీళ్ళలోనో పారబోస్తారు. రొయ్యా పీతా పెరిగేది ఆ నీళ్ళలోనే, మన వల పడేదీ అక్కడే. పాత ఆయిల్ కొనేవాళ్ళు గుమ్మిడిపూండి వైపు తిరుగుతుంటారు, డబ్బాలో పోగుచేసి వాళ్ళకే ఇవ్వండి.